దేవుడు బయల్దేరేది సాయంత్రమండీ

పోయిన సంచికలో మన తీర్థాల గురించి రాస్తూ, జపాన్‌లో క్యోటో అనే ఊళ్ళో జులైలో జరిగే గియోన్ ఉత్సవం చూస్తుంటే మన కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తొచ్చిందని ఒక్క ముక్క రాశాను. ఆ ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. అమలాపురం నుంచి అత్తిలి దాకా ఇంటికొకరి పిల్లలు అక్కడే ఉద్యోగం చేస్తున్నట్టున్నారు! నేను వెళ్ళింది 2018లో, మళ్ళీ 2019లో, మా అమ్మాయి వాళ్ళు ఒసాకాలో ఉన్నప్పుడు. పండితురాలినేం కాదు, చూసిందీ అక్కడివాళ్ళని విసిగించి తెలుసుకున్నదీ చెప్తాను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

మా అబ్బాయి ఒసాకా నుంచి జులైలో రమ్మంటున్నాడు. ఆ ఉత్సవం చేసే యాసకా గుడికి తీసుకెళ్తాడట. మనవాళ్ళని లోపలికి రానిస్తారా? చెప్పులు ఎక్కడ విడవాలి? కొబ్బరికాయ కొట్టించవచ్చా?
— ఒక గృహిణి, అంబాజీపేట

అంబాజీపేట నుంచి కొబ్బరికాయ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కొట్టకూడదమ్మా. అక్కడ దేవుడికి నైవేద్యం అంటే బియ్యం, ఉప్పు, నీళ్ళు, బియ్యంతో చేసిన సారా, చేప, కూరగాయలు, అవన్నీ పూజారులే పెడతారు. మనం చేతిలో పళ్ళెం పట్టుకుని వెళ్ళే పద్ధతి లేదు. ప్రసాదం కూడా చేతిలో పెట్టరు, అది మాత్రం నాకు వెలితిగానే అనిపించింది.

లోపలికి ఎవరైనా వెళ్ళొచ్చు. మతం అడగరు, టికెట్ లేదు, యాసకా గుడి ఆవరణ రాత్రి కూడా తెరిచే ఉంటుంది. చెప్పుల సంగతంటారా, నేను మొదటిసారి ఎర్ర ద్వారం ముందు అలవాటుగా చెప్పులు విడిచేసి లోపలికి నడిచాను. మా అల్లుడు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, అత్తయ్యగారూ, వేసుకోండి, అందరూ చూస్తున్నారు అన్నాడు. నిజంగానే చూస్తున్నారు. అక్కడ ఆవరణంతా చెప్పులతోనే తిరుగుతారు, చెక్క మెట్లెక్కి హాలు లోపలికి వెళ్ళాల్సి వస్తేనే విప్పుతారు.

గుడి ముందు నీళ్ళ తొట్టి ఉంటుంది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని నోరు పుక్కిలించాలి, తొట్టిలోకి ఊయకుండా. తర్వాత దేవుడి ముందుకెళ్ళి పెట్టెలో నాణెం వేసి, వేలాడే తాడు ఊపితే గంట మోగుతుంది. రెండుసార్లు నడుము వంచి దణ్ణం, రెండు చప్పట్లు, మనసులో అనుకోవలసింది అనుకుని మళ్ళీ ఒక దణ్ణం. అంతే పూజ. 5 యెన్‌ల నాణెం వేస్తే మంచిదంటారు, ఎందుకంటే వాళ్ళ భాషలో 'గొఎన్' అంటే 5 యెన్‌లూ అవుతుంది, బంధం కలవడమూ అవుతుంది.

ఒకటి ముందే చెప్తున్నాను, మీరు దర్శనం కోసం తొంగి చూస్తారు, ఏమీ కనపడదు. మన గర్భగుడిలాగా హారతి వెలుగులో స్వామి కనిపించడం అక్కడ లేదు. దేవుడు ఆవహించిన వస్తువు అద్దమో కత్తో ఇంకోటో లోపల మూసి ఉంచుతారు, జనానికి చూపించరు. ప్రధాన మందిరం 1654లో కట్టింది, జాతీయ సంపదగా గుర్తించారు. దాని ముందు నాట్య మండపం చుట్టూ వందల కాగితపు లాంతర్లు వరసగా వేలాడుతుంటాయి. ఏదో మంత్రాలు రాశారనుకున్నాను. మా అల్లుడు చదివి చెప్పాడు, అవి చందా ఇచ్చిన షాపుల పేర్లట! మన గుళ్ళో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు చూసి ఇన్నాళ్ళూ నవ్వుకున్నందుకు లెంపలేసుకున్నాను.

ఒక టూర్ ఏజెంటు ప్యాకేజీ చెప్పాడు. జులై 19 సాయంత్రం క్యోటో చేరి 22 పొద్దున్న బయల్దేరడం. "గియోన్ ఉత్సవం చూపిస్తాం" అని కాగితం మీద ఉంది. నమ్మొచ్చా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, తణుకు

అబద్ధం అనలేం, నిజం అనీ అనలేం. ఉత్సవం జులై 1 నుంచి 31 దాకా నెలంతా జరుగుతుంది కాబట్టి ఏ తేదీకి తీసుకెళ్ళినా ఉత్సవం చూపించినట్టే లెక్క. కానీ పెద్ద ఊరేగింపులు రెండే, 17 పొద్దున్న ఒకటి, 24 పొద్దున్న ఒకటి. మొదటిదాంట్లో 23 రథాలు, రెండోదాంట్లో 11. మీవాడు సరిగ్గా మధ్యలో పడేశాడు.

ఇక్కడే నేను చేసిన పొరపాటు చెప్పాలి. 2018లో 17వ తేదీ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, షిజో వీధిలో రథాలు కదలడం చూసి, ఎండకి కళ్ళు తిరిగి, మధ్యాహ్నం ఏదో తిని ఇంటికొచ్చేశాం. ఉత్సవం చూశామని అందరికీ ఫొటోలు కూడా పంపేశాను. ఆ రాత్రి మా అమ్మాయి పక్కింటావిడ అడిగింది, మికోషి చూశారా అని. అదేంటన్నాను. ఆవిడ జాలిగా చూసింది.

సంగతేంటంటే, పొద్దున్న వెళ్ళే ఆ పెద్ద రథాల్లో యాసకా దేవుడు ఉండడు. అవి వీధులు శుద్ధి చెయ్యడానికి. ఊళ్ళో తిరిగే చెడునంతా ఆ డప్పులూ గంటలూ రంగురంగుల బట్టలూ ఆకర్షించి పోగు చేసుకుంటాయని నమ్మకం, అందుకే ఊరేగింపు నుంచి తిరిగి రాగానే వాటిని ఆలస్యం చెయ్యకుండా విప్పేస్తారు. అలా దారి శుభ్రమయ్యాక, సాయంత్రం, దేవుడు బయల్దేరతాడు. మూడు పల్లకీలు, వాటినే మికోషి అంటారు. ఒకదాంట్లో యాసకా దేవుడు సుసనో-ఓ, ఒకదాంట్లో ఆయన భార్య కుషినాద హిమె, మూడోదాంట్లో వాళ్ళ ఎనిమిదిమంది పిల్లలు. ఈ సుసనో-ఓ ఎనిమిది తలల పాముని చంపి ఆ అమ్మాయిని కాపాడి పెళ్ళి చేసుకున్నాడని కథ. అంటే కుటుంబం కుటుంబమంతా ఊరేగుతోందన్నమాట, మరి అది వదిలేసి నేను ఐస్‌క్రీం తిని ఇంటికొచ్చాను.

2019లో ఆ తప్పు చెయ్యలేదు. సాయంత్రం ఆరింటికి గుడి పడమటి ద్వారం రాతిమెట్ల కింద నిలబడ్డాం. ఒక్కో మికోషి రెండు టన్నుల దాకా బరువుంటుందట, తెల్ల బట్టలు కట్టుకున్న వందలమంది, 'హొయిత్తో హొయిత్తో' అని అరుస్తూ, మూడు వైపుల నుంచి ఒకచోటికి తెచ్చి చేతులు చాపి పైకెత్తారు. ఆ బంగారు గొలుసులన్నీ ఒక్కసారి ఝల్లుమన్నాయి. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది, పక్కనున్న జపాన్ ముసలాయన చేతులు జోడిస్తే నేనూ జోడించాను, మన పద్ధతిలోనే, చప్పట్లు మర్చిపోయి.

మూడు మికోషిలూ ఆ రాత్రి షిజో వీధిలోని ఓతబిషో అనే విడిది మందిరానికి చేరతాయి. 24 రాత్రి దాకా అక్కడే ఉండి మళ్ళీ గుడికి వెళ్తాయి. కాబట్టి మీ ప్యాకేజీలో 19న దిగగానే చెయ్యాల్సిన పని ఆ విడిదికి వెళ్ళడం. షాపుల మధ్యలో, బజారు వీధిలోనే, మూడు పల్లకీలూ తలుపులు తీసి దగ్గరగా కనపడతాయి. ఆ వారం రోజులూ రాత్రిపూట ఎవరితోనూ మాట్లాడకుండా మౌనంగా అక్కడికి వెళ్ళొస్తే కోరిక తీరుతుందని గెయిషాల్లో, అంటే అక్కడి ఆటపాటల కళాకారిణుల్లో, పాత నమ్మకం ఉంది. మీ ఇద్దరూ ప్రయత్నించండి, ఒక గంట మౌనం కలిసొచ్చినా లాభమే. 21 సాయంత్రం రెండో ఊరేగింపు రథాల వీధుల్లో లాంతర్లు వెలిగిస్తారు, అదీ చూడండి. అయితే ఏజెంటుని అడిగి ప్రయాణం రెండు మూడ్రోజులు ముందుగా పెట్టించుకోగలిగితే, ఇవన్నీ కాదు, 17 సాయంత్రమే చూడండి.

మాది ప్రభ కట్టే ఊరు. మీరు రెండూ ఒకటే అన్నట్టు రాశారు. చక్రాల బండిని తాళ్ళతో లాగడానికీ, ప్రభని భుజాల మీద పెట్టుకుని చేలో నుంచి, కాలువలో నుంచి మొయ్యడానికీ పోలికేంటండీ?
— ఒక యువకుడు, కోనసీమ

నీకు కోపం రావడం న్యాయమే బాబూ. నేను తొందరలో రాసిన మాట అది. పొద్దున్న రథాల్ని చూసి ఎత్తూ బట్టలూ కట్టుడూ చూసి ప్రభ అనేశాను. పోల్చాల్సింది సాయంత్రం మికోషితో. కనుమ రోజు 11 ఊళ్ళ రుద్రులు ప్రభల మీద ఎక్కి, గుడి కూడా లేని ఒక కొబ్బరితోటలో కలుసుకోవడం, అశ్శరభ శరభ అని మోతగాళ్ళు కౌశిక కాలువలోకి దిగిపోవడం, దానికి దీటైంది నేను అక్కడ చూసింది ఆ మెట్ల కింద ఆరుగంటలప్పుడే. భుజం కాయ కాచిన మనిషి ఏ ఊళ్ళోనైనా ఒకేలా నడుస్తాడు, అది మాత్రం చూశాను, మోకాళ్ళు కొద్దిగా వంచి, అడుగులు చిన్నగా.

కానీ కట్టేవాడివి కాబట్టి ఆ రథాల సంగతి నీకు చెప్పి తీరాలి. హొకో అనే పెద్దవి నేల మీద నుంచి కొన వరకు 25 మీటర్ల దాకా ఉంటాయి, బరువు 12 టన్నుల దాకా. చట్రానికి మేకు కొట్టరు. మొత్తం గడ్డి తాళ్ళతో బిగిస్తారు, అదీ వీధి మధ్యలో, మూడు రోజుల పాటు. తాడు చుట్లు కూడా అందంగా పడాలి, వంకరొస్తే పెద్దాయన విప్పించేస్తాడు. మేకు కొడితే కదిలినప్పుడు కర్ర చీలుతుంది, తాడైతే సాగి సర్దుకుంటుంది. నీకు కొత్తగా చెప్పాలా, వెదురు కట్టు సంగతి నాకంటే నీకే తెలుసు.

దానికి స్టీరింగ్ లేదు. చక్రాలు మనిషి ఎత్తున, దాదాపు 2 మీటర్లు, నిటారుగా పోవడమే తెలుసు. మరి మలుపు ఎలా? నాలుగు రోడ్ల మధ్యలో ఆపి, ముందు చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి, నీళ్ళు పోసి, పక్క నుంచి తాళ్ళు కట్టి ఒక్క ఊపున లాగుతారు. 12 టన్నులు జర్రున జారుతుంది. ఒక్కసారికి తిరగదు, రెండు మూడు ఊపులు కావాలి. ముందు నిలబడినవాళ్ళు విసనకర్రలు తిప్పుతూ 'ఎన్-యారా-యా' అని అరిస్తే గానీ ఎవరూ లాగరు. అంతర్వేది రథం చక్రాల దగ్గర దుంగలు పట్టుకుని పరుగెత్తేవాళ్ళ టెన్షన్ ఎలా ఉంటుందో, అక్కడా అంతే.

అంతర్వేది అన్నాను కాబట్టి ఇంకోటి. 2020 సెప్టెంబర్‌లో మన రథం కాలిపోతే, ఆ తర్వాతి భీష్మ ఏకాదశికల్లా కొత్తది లాగాం. వాళ్ళకి 1864లో ఊళ్ళో జరిగిన పోరాటంలో మంటలకి చాలా రథాలు పోయాయి. ఓఫునె-బొకో అనే ఓడ ఆకారపు రథం మళ్ళీ ఊరేగింపులోకి వచ్చింది 2014లో. 150 ఏళ్ళు! తకయామ అనే ఇంకొకటి 1826లో గాలివానకి దెబ్బతిని 2022లో తిరిగొచ్చింది. ఈ మధ్యకాలమంతా ఆ వీధివాళ్ళు ఏం చేశారంటే, మిగిలిన విగ్రహాన్నీ సామాన్లనీ ఉత్సవం రోజుల్లో ఒక ఇంట్లో పెట్టి కూర్చున్నారు. రథం లేకపోయినా రథం ఉన్న వీధిగానే బతికారు. నాకు ఆ ఊరేగింపు మొత్తంలో ఇంతకంటే గొప్ప సంగతి కనపడలేదు.

రథాల చుట్టూ కట్టిన బట్టలు చూడు, వీలైతే 16న రాత్రి దగ్గరగా. 16వ శతాబ్దంలో బెల్జియంలో నేసిన ట్రాయ్ యుద్ధం బొమ్మలున్నాయి, పర్షియా, చైనా, మన దేశం తివాచీలున్నాయి. మనవాటిలో కొన్ని దక్కన్‌లో నేసినవని నిపుణులు తేల్చారు. అప్పట్లో మచిలీపట్నంలో, పాలకొల్లులో కోఠీలు పెట్టుకున్న డచ్చి కంపెనీవాళ్ళే నాగసాకిలో జపాన్ వాళ్ళతోనూ వ్యాపారం చేశారు. మన తీరం అద్దకపు బట్టలకి అక్కడ 'సరసా' అని పేరు. ఏలూరు తివాచీలు చూసిన కళ్ళతో వాటి ముందు కాసేపు కదల్లేకపోయాను, వెనకవాళ్ళు సణిగారు.

గియోన్ అంటే జేతవనం అని ఎక్కడో చదివాను. మరి అది జపాన్ వాళ్ళ సొంత మతమైన షింటో గుడి ఎలా అయింది? ఉత్సవం ఎందుకు మొదలైంది?
— ఒక రిటైర్డ్ మాస్టారు, పాలకొల్లు

మీరు చదివింది నిజం మాస్టారూ. శ్రావస్తిలో అనాథపిండకుడు బుద్ధుడికి కట్టించిన విహారం ఉన్న జేతవనం పేరే చైనా మీదుగా జపాన్ వెళ్ళి గియోన్ అయింది. ఆ జేతవనానికి కాపలా దేవుడు గోజు తెన్నో, అంటే ఎద్దు తల ఉన్న దేవరాజు, అని వాళ్ళు నమ్మేవారు. రోగాలు తెచ్చేదీ ఆయనే, ఆపేదీ ఆయనే. ఆయన్నీ సుసనో-ఓనీ ఒక్కరుగానే కొలిచేవారు, బౌద్ధం, షింటో అని గీత గీసుకోలేదు. 1868లో కొత్త ప్రభుత్వం రెండింటినీ విడదీయాలని హుకుం ఇచ్చాక గోజు తెన్నో పేరు తీసేశారు, గియోన్ గుడి పేరు యాసకా అయింది. ఉత్సవానికి మాత్రం పాత పేరు పోలేదు. జనం నోట్లో ఉన్న పేరుని హుకుం ఏం చేస్తుంది!

869లో ఊళ్ళో పెద్ద రోగం వచ్చింది. దేశంలోని 66 సీమలకి గుర్తుగా 66 బల్లేలు షిన్‌సెన్-ఎన్ అనే రాజోద్యానంలో నిలబెట్టి, గియోన్ దేవుడి పల్లకీలు తీసుకెళ్ళి శాంతి చేశారు. అదే మొదలు. ఆ బల్లేలే పెరిగి పెరిగి ఈ హొకోలు అయ్యాయి, హొకో అన్నా బల్లెమే. అమ్మవారు పోసింది అని మనం అనేవాళ్ళం కదా, పోసేదీ అమ్మే, చల్లబరిచేదీ అమ్మే, అందుకే కలరా, మశూచి వస్తే జాతర. మీకు నేను దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

1467లో మొదలైన ఓనిన్ యుద్ధంలో క్యోటో తగలబడి ఉత్సవం 33 ఏళ్ళు ఆగిపోయి 1500లో మళ్ళీ మొదలైంది. 2020లో, 2021లో కరోనా వల్ల రథాల ఊరేగింపు ఆపేశారు. రోగం పోవాలని పెట్టుకున్న ఊరేగింపుని రోగమే ఆపింది.

మైల ఉన్నప్పుడు ఆ గుడికి వెళ్ళొచ్చా? ఆడవాళ్ళకి ఏమైనా ఆంక్షలున్నాయా?
— ఇద్దరు పాఠకురాళ్ళు, రాజోలు, భీమవరం

షింటోలో మైల పట్టింపు మనకి తీసిపోదు. దగ్గరివాళ్ళు పోతే 50 రోజుల దాకా షింటో గుడి గడప తొక్కరు. కానీ గేటు దగ్గర అడిగేవాడెవడూ లేడు, మీ మనసే చెప్పాలి.

గుడిలోకి ఆడా మగా అందరూ వెళ్ళొచ్చు. రథాల మీదే తేడా. ఊరేగింపుకి ముందు నడిచే నగినతా-బొకో మీదకి ఇప్పటికీ ఆడవాళ్ళని ఎక్కనివ్వరు. 17కి ముందు సాయంత్రాల్లో కొన్ని రథాల్ని జనం ఎక్కి చూడొచ్చు, అలా మా అల్లుడు దానిమీదకి ఎక్కి ఫొటోలు తీసుకుంటుంటే నేనూ మా అమ్మాయీ కింద చెప్పులు చూస్తూ నిలబడ్డాం. కొన్ని రథాల మీద ఇప్పుడు ఆడపిల్లలు కూడా వాయిస్తున్నారు. నన్నడిగితే అన్నీ మారాలి, కానీ అది ఆ వీధివాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి, మన గుళ్ళ సంగతి మనం తేల్చుకున్నామా అని వాళ్ళడిగితే నా దగ్గర జవాబు లేదు.

మేం నీసు ముట్టం. అక్కడ ఏం తినాలి?
— ఒక పాఠకుడు, నరసాపురం

కష్టమే. కూరగాయల పులుసులో కూడా ఎండుచేప రసం పోస్తారు, చేప వెయ్యలేదు అంటారు, వాళ్ళ దృష్టిలో అది నిజమే. బౌద్ధ మఠాల భోజనం 'షోజిన్ ర్యోరి' దొరికితే నిశ్చింతగా తినండి. సోయా పాల మీద కట్టిన మీగడతో చేసే యుబా క్యోటోలో బాగుంటుంది. పులిహోర కట్టుకెళ్ళడం అన్నిటికన్నా ఉత్తమం.

నీసు తినేవాళ్ళకి ఒక మాట. గియోన్‌ని హామో పండగ అని కూడా అంటారు. హామో అంటే పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప, ఒంటినిండా సన్న ముళ్ళే. చర్మం తెగకుండా ముళ్ళు మాత్రం తెగేలా వెంట్రుకవాసి దూరంలో కత్తి గాట్లు పెడతారు, కరకర చప్పుడు వినపడుతుంది. ఖరీదు అడిగి నేను మెనూ మూసేశాను. మనవాళ్ళు పుస్తెలు అమ్మైనా పులస తినాలంటారే, ఆ సీజన్లోనే, ఆ ముళ్ళతోనే, వాళ్ళ పులస అదీ. ఇంకో విచిత్రం, దోసకాయ అడ్డంగా కోస్తే ఆ గుడి చిహ్నంలా కనపడుతుందని ఆ దేవుడి భక్తులు జులైలో కీరా దోసకాయ తినరు.

నాకు 68. మోకాళ్ళ నొప్పులు. వెళ్ళగలనా?
— ఒక పెద్దాయన, మండపేట

వెళ్ళండి, కానీ 16 రాత్రి వద్దు. ఆ రాత్రి షిజో వీధిలో కాలు మనం వెయ్యం, జనమే వేస్తారు. 24 పొద్దున్న ఊరేగింపు చిన్నది, కాస్త ఊపిరి ఆడుతుంది. ఓయికె వీధిలో డబ్బు కట్టి కూర్చునే కుర్చీలు ముందుగా అమ్ముతారు, మీ అబ్బాయిని కొనమనండి. ఒసాకా ఉమెదా నుంచి హన్‌క్యూ రైల్లో ముప్పావుగంట. ఎండకంటే ఉక్కపోత దారుణం, వాన వెలిసి గాలి ఆగిన మన శ్రావణ మాసం మధ్యాహ్నం అనుకోండి. తువ్వాలు, నీళ్ళు, గొడుగు. వానొస్తే రథాలకి ప్లాస్టిక్ కవర్లు కప్పి మరీ లాగుతారు.

మీ ఇంటి గుమ్మం మీద ఆకుల పొట్లంలాంటిది వేలాడుతోందని మీ ఊరివాళ్ళు చెప్పారు. అదేంటి?
— పేరు వద్దన్న ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

మా ఊళ్ళో రహస్యం ఆగదు కదా! దాన్ని చిమాకి అంటారు. వెదురు ఆకుల్ని చుట్టి కట్టిన రక్ష, రథాల దగ్గర అమ్ముతారు. తినేది కాదు, నేను విప్పబోయాను కాబట్టి చెప్తున్నాను. ఒకసారి దేవుడు బాటసారిలా వచ్చి చోటు అడిగితే డబ్బున్నవాడు పొమ్మన్నాడట, సోమిన్ షోరై అనే పేదవాడు కొర్రన్నం పెట్టి పడుకోబెట్టాడట. రోగం వచ్చినప్పుడు మీవాళ్ళు గడ్డి వలయం కట్టుకుంటే మిమ్మల్ని వదిలేస్తానని దేవుడు మాటిచ్చాడు. అందుకే చిమాకికి ఒక చీటీ ఉంటుంది, "మేము సోమిన్ షోరై సంతానం" అని. మనం తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళం చూడండి, అలా రోగానికి రాసిన ఉత్తరం అన్నమాట. ఉత్సవం చివర, జులై 31న, అదే గుడి ఆవరణలోని సోమిన్ షోరై చిన్న గుడి దగ్గర పెద్ద గడ్డి వలయంలోంచి నడిచి వెళ్తారు.

ఏడాది కాగానే పాతది గుడికి తిరిగిచ్చి కొత్తది కట్టుకోవాలట. మాది 2019ది, ఇంకా అక్కడే ఉంది, ఎండి పలకలా అయింది. పనిచేసిందా అని మాత్రం అడక్కండి, 2021లో ఇంట్లో ముగ్గురికీ కరోనా వచ్చింది. మా పక్కింటావిడ అంటుంది, గడువు తీరిన మందు వేసుకుంటే ఎలా పనిచేస్తుందండీ అని.